మీ బండి, మా జవాబు: పెట్టె మార్చే ముందు కప్లర్ విప్పి చూడండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం "ఇంజిన్‌కి పెట్రోలు అందట్లేదు" అనే గొడవే. అందులోంచి మిషిగన్‌ది ఒకటి, పెన్సిల్వేనియాది ఒకటి, గుంటూరుది ఒకటి తీసుకున్నా, చివర్లో హైదరాబాద్ నుంచి ఒక చిన్న ప్రశ్న. మొదటిదానికి జవాబు పొడుగైపోయింది, టీ పెట్టుకుని కూర్చోండి.

ప్రశ్న: అన్నా, నాది 2011 షెవ్రొలే సిల్వరాడో ట్రక్కు, 5.3 లీటర్ల వీ8. రెండేళ్ల కింద సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను, ఇప్పటికి లక్షా నలభై వేల మైళ్లు తిరిగింది. నవంబర్ నుంచి ఒక జబ్బు పట్టుకుంది. ఐ-96 ఫ్రీవే మీద 70 మైళ్ల స్పీడులో పోతుంటే ఉన్నట్టుండి ఇంజిన్ ఆగిపోతుంది. పక్కకు లాగి పది నిమిషాలు కూర్చుంటే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. వాన పడిన రోజు, కార్‌వాష్‌కి వెళ్లిన రోజు తప్పకుండా చేస్తుంది. స్కానర్ పెడితే యూ0109, పీ2635 అని రెండు కోడ్‌లు వచ్చాయి. షాపులో చూపిస్తే ఫ్యూయల్ సిస్టమ్ కంట్రోల్ మాడ్యూల్ పోయింది, పనిలో పని ట్యాంకులో పంపు కూడా మార్చేద్దాం, మొత్తం 1,600 డాలర్లు అన్నారు. పాత మాడ్యూల్ ఆన్‌లైన్‌లో 60 డాలర్లకే కనిపిస్తోంది. నేనే కొని తగిలించుకోవచ్చా? మా ఆవిడ అయితే ఆ బండి ఎక్కనంటోంది.
— ఒక పాఠకుడు, నోవై, మిషిగన్

జవాబు: తగిలించుకోవచ్చు తమ్ముడూ, కానీ ఇంకా కొనకు. ముందు ఒక మాట, మీ ఆవిడ చెప్పిందే కరెక్టు. ఫ్రీవే మీద ఇంజిన్ ఆగిపోతే స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంటుంది, బ్రేకు ఒకటి రెండుసార్లు మామూలుగా పడి ఆ తర్వాత రెండు కాళ్లతో తొక్కాల్సి వస్తుంది. ఈ గొడవ తేలేదాకా పిల్లల్ని ఎక్కించుకుని ఫ్రీవే ఎక్కకు.

ఆ మాడ్యూల్ పెట్టె ఏం చేస్తుందో తెలిస్తే వెతకడం తేలిక. పాత ట్రక్కుల్లో పంపుకి ఒక రిలే ఉండేది, తాళం తిప్పితే పంపు ఫుల్ స్పీడులో తిరిగేది, ఎక్కువైన పెట్రోలు ఇంకో పైపులోంచి తిరిగి ట్యాంకులోకి వచ్చేది. నీ బండిలో ఆ తిరుగు పైపు లేదు. ఇంజిన్‌కి ఎంత కావాలో పంపు అంతే తోయాలి, అంటే దాని స్పీడు క్షణక్షణం మారుతూ ఉండాలి. ఆ పని చేసేదే ఈ మాడ్యూల్. ఇంజిన్ కంప్యూటర్ "నాకు ఇంత ప్రెషర్ కావాలి" అని క్యాన్ వైర్ల (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్లు) మీద కబురు పంపుతుంది, దాంతో పాటు "ఇక తిప్పు" అని వేరే వైరులో 12 వోల్టులు పంపుతుంది. మాడ్యూల్ పెట్రోలు లైన్లో ఉన్న సెన్సర్ వైపు ఒక కన్నేసి, పంపుకి వెళ్లే కరెంటుని సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ చేస్తూ స్పీడు పెంచుతుంది, తగ్గిస్తుంది. పెట్టె చూస్తే అరచేతిలో పట్టేంత, కానీ పంపు తాగే కరెంటు మొత్తం దానిలోంచే పోతుంది.

ఇంత సున్నితమైన పని చేసే పెట్టెని ఎక్కడ పెట్టారంటావా? వెనక, ఛాసిస్‌కి, స్పేర్ టైరు పైన! వెనక చక్రాలు చిమ్మే బురద, నీళ్లు, ఉప్పు, అన్నీ తిన్నగా అక్కడికే వెళ్తాయి. మీ ఊళ్లో ఉప్పుకి కొదవా, డెట్రాయిట్ నగరం కిందే సుమారు 1,200 అడుగుల లోతున ఉప్పు గని ఉంది, చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తవ్వేది అందులోంచే. మంచు పడని రాష్ట్రాల్లో తిరిగిన ఇవే ట్రక్కుల్లో ఆ పెట్టె కొత్తదానిలా ఉండటం చూశాను. మిషిగన్, ఒహాయో బండ్లలో మాత్రం దాని మీద వేలు పెడితే పొరలు పొరలుగా రాలుతుంది.

ఇప్పుడు కోడ్‌ల సంగతి. యూ0109 అంటే మాడ్యూల్ చచ్చిపోయిందని కాదు. "నేను పిలుస్తున్నా, అది పలకట్లేదు" అని ఇంజిన్ కంప్యూటర్ పెట్టిన ఫిర్యాదు, అంతే. ఎవరికైనా ఫోన్ చేస్తే స్విచ్డ్ ఆఫ్ అని వచ్చిందనుకో, మనిషి పోయాడని ఏడుస్తామా? ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు. మాడ్యూల్‌కి కూడా అంతే, పవరు అందకపోయినా, గ్రౌండు (కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్లే దారి) అందకపోయినా పలకదు. ఇక పీ2635 అంటే అడిగినంత పెట్రోలు రావట్లేదని. అది పంపు అరిగిపోయినా రావచ్చు, పంపుకి వోల్టేజీ సరిగ్గా వెళ్లకపోయినా రావచ్చు. వాన పడితే ఆగిపోతుందీ, పది నిమిషాలకి మళ్లీ లేస్తుందీ అన్నావు చూడు, ఆ రెండు కోడ్‌ల కంటే ఈ ముక్కే నాకు ఎక్కువ కథ చెప్పింది. అరిగిపోయిన పంపుకి వానతో పనేముంది?

ఇక్కడ నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ బండ్లు బాగుచేస్తూ పెరిగినవాణ్ని, ఇక్కడికొచ్చిన కొత్తలో ఒక గ్యారేజీలో చేరాను. ఇదే జబ్బుతో ఇలాంటి ట్రక్కే వచ్చింది. స్కానర్ చెప్పింది కదా అని ధీమాగా కొత్త మాడ్యూల్ తెప్పించి బిగించి, ప్రోగ్రామ్ చేయించి, బండి కడిగి మరీ తాళాలిచ్చాను. నాలుగో రోజు టో ట్రక్కు మీద వచ్చింది. ఓనరు ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. తీరా చూస్తే ఛాసిస్‌కి గ్రౌండు వైరు బిగించిన బోల్టు దగ్గర రింగు తుప్పు పట్టి, చేత్తో లాగితే ఊడొచ్చింది. సాండ్‌పేపర్‌తో రుద్ది కొత్త రింగు వేస్తే అయిపోయే పని! ఆ మాడ్యూల్ డబ్బులు నా జీతంలోంచి పోయాయి. అప్పట్నుంచీ ఎవరు "మాడ్యూల్ పోయింది" అన్నా నా నోట్లోంచి వచ్చే మొదటి మాట, పవరూ గ్రౌండూ చూశావా?

నువ్వు చెయ్యాల్సింది ఇది. శనివారం పొద్దున మొదలుపెట్టు, చీకటి పడ్డాక వద్దు. స్పేర్ టైరు దించాలి, వెనక బంపర్‌లో ఉన్న రంధ్రంలోంచి రాడ్డు పెట్టి తిప్పితే కేబుల్ మీద కిందికి దిగుతుంది. దిగాలి అంటున్నా గానీ మీ దగ్గర దిగదు, ఆ కేబుల్ మర కూడా తుప్పు పట్టి ఉంటుంది. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే బాగా కొట్టి వదిలెయ్. బండి కిందికి దూరేట్టయితే జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, స్టాండ్లు పెట్టు. బ్యాటరీ నెగటివ్ తీసెయ్.

టైరు దిగాక పైకి చూస్తే పెట్టె కనిపిస్తుంది. దానికున్న కప్లర్ (వైర్లు తగిలించే ప్లగ్గు) తాళం నొక్కి మెల్లగా ఊడదీసి లైటు వేసి లోపలికి చూడు. పిన్నులు శుభ్రంగా మెరుస్తుంటే ఒక దారి. పచ్చగా చిలుము పట్టి, పూజగదిలో చాన్నాళ్లు తోమని రాగి చెంబులా ఉంటే, నీ 1,600 డాలర్లలో చాలా భాగం అక్కడే మిగిలిపోయినట్టు. కప్లర్ వెనక వైపు వైరు దూరే చోట రబ్బరు సీలు కూడా చూడు, అది చిరిగితే నీళ్లు వైరు లోపల్నుంచి కేశనాళంలోలా పాకుతూ వస్తాయి, బయటికి శుభ్రంగానే కనిపిస్తుంది. వైరు ఒక్కోటీ పట్టుకుని కొంచెం లాగు, లోపల రాగి తినేసి ఉంటే రబ్బరు బ్యాండులా సాగుతుంది.

ఆ తర్వాత బ్యాటరీ మళ్లీ కలిపి కరెంటు పరీక్ష. మీటరు పెట్టి 12 వోల్టులు చూపిస్తోందని మురిసిపోవద్దు, వైరులో ఒక్క పోగు మిగిలినా మీటరు 12 చూపిస్తుంది. పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి తీసుకుని, వైరింగ్ బొమ్మ చూసుకుని, కప్లర్‌లోని బ్యాటరీ పవరు పిన్నుకీ గ్రౌండు పిన్నుకీ మధ్య వెలిగించు. పిన్నులు వెడల్పు కాకుండా సరైన సైజు పిన్నుతోనే గుచ్చు. బల్బు భగ్గున వెలిగితే రెండూ బాగున్నాయి. దీపంలా మినుకుమంటే, పవరు పిన్ను అలాగే ఉంచి గ్రౌండు మాత్రం నేరుగా బ్యాటరీ నెగటివ్ నుంచి తెచ్చిపెట్టు, అప్పుడు బాగా వెలిగిందంటే అసలు దొంగ ఆ గ్రౌండే. నూటికి ఎన్నిసార్లు అని లెక్క కట్టలేదు గానీ, ఉప్పు రాష్ట్రాల బండ్లలో నేను ఈ ఒక్క పరీక్షతో చాలాసార్లు ఇంటికి త్వరగా వెళ్లాను. మూడోది ఆ "ఇక తిప్పు" వైరు. ఎవరినైనా తాళం తిప్పమని, సెల్ఫ్ కొడుతుండగా దానిలో 12 వోల్టులు వస్తున్నాయో లేదో చూడు.

పవరు ఉంది, గ్రౌండు ఉంది, తిప్పమనే కబురూ వస్తోంది, క్యాన్ వైర్లు బాగున్నాయి, అయినా మాడ్యూల్ పలకట్లేదు, పంపు వైపు ఏమీ పంపట్లేదు అంటే అప్పుడు మాడ్యూల్ పోయింది. అప్పుడు నేనూ ఒప్పుకుంటా.

పంపు కూడా మార్చాలా అన్నదానికి జవాబు క్లాంప్ మీటర్ చెబుతుంది. పంపుకి వెళ్లే వైరు చుట్టూ తగిలించి అది ఎంత కరెంటు తాగుతోందో చూడు. బిగుసుకుపోతున్న పంపు ఉండాల్సినదానికంటే ఎక్కువ లాగి, కొత్త మాడ్యూల్‌ని కూడా కాల్చేస్తుంది, కాబట్టి షాపు వాళ్లది పూర్తిగా దురాశ అని అనను. కానీ కొలవకుండా "పనిలో పని" అంటే మాత్రం ఒప్పుకోకు. పంపు మార్చాలంటే ట్యాంకు దించాలి లేదా వెనక తొట్టి ఎత్తాలి. మాడ్యూల్‌కి ట్యాంకుతో పనే లేదు, పెట్రోలు పైపు ఒక్కటి కూడా విప్పక్కర్లేదు. రెండూ వేరు వేరు పనులు.

60 డాలర్ల పాతదాని సంగతి. జంక్‌యార్డ్ నుంచి వచ్చేది కూడా ఇదే ఉప్పులో నానిందే అయ్యుండొచ్చు, ఫొటోలో కప్లర్ పిన్నులు చూపించమను. ఇంకో చిక్కు ప్రోగ్రామ్. ఈ కంపెనీ ట్రక్కుల్లో కొత్త మాడ్యూల్ బిగించాక నీ బండి వీఐఎన్‌కి (బండి గుర్తింపు నంబరుకి) తగ్గ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, లేకపోతే పంపు తిరగదు, తిరిగినా కోడ్‌లు పోవు. పాతదాంట్లో ఏదో సాఫ్ట్‌వేర్ ఉంటుంది, కానీ అది వేరే ఇంజిన్‌కో, వేరే ట్యాంకుకో చెందింది కావచ్చు. అచ్చం నీలాంటి బండి నుంచి తీసినదైతే పనిచేసే అవకాశం ఉంది, నేనైతే అప్పుడు కూడా మళ్లీ ప్రోగ్రామ్ చేయిస్తాను. దానికి మూడు దారులున్నాయి. మాడ్యూల్ నువ్వే బిగించి, మొబైల్ ప్రోగ్రామింగ్ చేసేవాణ్ని ఇంటికి పిలిపించుకోవడం అన్నిటికంటే హాయి. నీ వీఐఎన్ తీసుకుని ముందే ప్రోగ్రామ్ చేసి పంపే అమ్మకందారులు కూడా ఉన్నారు, అది అడుగు. మూడోది నువ్వే చేసుకోవడం. 2004 నుంచి అమెరికాలో ఇంజిన్ పొగకి సంబంధించిన కంప్యూటర్లన్నీ జే2534 అనే ఉమ్మడి పద్ధతిలో బయటి పరికరాలతో ప్రోగ్రామ్ అయ్యేలా ఉండాలని రూలు వచ్చింది, కాబట్టి ఆ పరికరం, ఒక ల్యాప్‌టాప్, కంపెనీ వాళ్లు ఒక్కో వీఐఎన్‌కి అమ్మే సబ్‌స్క్రిప్షన్ ఉంటే చాలు. మీ ఊళ్లో ఆటో కంపెనీల్లో పనిచేసే మనవాళ్లు వీధికి ఇద్దరు ఉంటారు, పరికరం ఎవరి దగ్గరైనా అప్పు దొరుకుతుందేమో చూడు!

చేసుకునేట్టయితే ఒక్క జాగ్రత్త. ప్రోగ్రామ్ మధ్యలో బ్యాటరీ పడిపోయిందా, కొత్త మాడ్యూల్ ఇటుకరాయి అయిపోతుంది. వోల్టేజీ నిలకడగా పట్టి ఉంచే సప్లై తగిలించు, మామూలు ఛార్జరు వద్దు. ల్యాప్‌టాప్ కూడా ప్లగ్గులోనే ఉండాలి. వైఫై అడాప్టర్ కాకుండా కేబుల్ వాడు, హెడ్‌లైట్లు, ఏసీ ఆపెయ్, తలుపు తీసి వేసి ఆడుకునే పిల్లాణ్ని లోపలికి పంపెయ్.

బిగించేటప్పుడు కప్లర్ చిలుము పట్టి ఉంటే అందులోకి కొత్త మాడ్యూల్ తోసి ఊరుకోకు. వైర్లతో సహా కొత్త కప్లర్ ముక్క దొరుకుతుంది, పాతది కోసేసి, వేడికి ముడుచుకునే, జిగురున్న హీట్‌ష్రింక్ గొట్టం వేసి అతికించు. డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారని, నీళ్లు ఆపే గ్రీజు) సీలు చుట్టూ పల్చగా రాయి, కప్లర్ నిండా కూరితే వెన్న కుండ అవుతుంది, లాభం లేదు. కోడ్‌లు చెరిపేసి, స్కానర్‌లో అడిగిన ప్రెషర్, వచ్చిన ప్రెషర్ పక్కపక్కన పెట్టుకుని ఊళ్లో పాతిక మైళ్లు తిరుగు, ఎత్తు రోడ్డు మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కూడా ఆ రెండూ ఒకదాని వెంట ఒకటి నడవాలి. తర్వాత కార్‌వాష్‌కి పోయి కింద నీళ్లు కొట్టించు. అక్కడ ఆగకపోతే ఐ-96 ఎక్కు.

ప్రశ్న: మాది 2006 ఫోర్డ్ ఎఫ్-150. చిన్న గుంతలో పడ్డాక సెల్ఫ్ తిరుగుతోంది గానీ స్టార్ట్ అవ్వట్లేదు. ఫ్యూయల్ పంప్ డ్రైవర్ మాడ్యూల్ మార్చి ప్రోగ్రామ్ చెయ్యాలంటున్నారు. నిజమేనా?
— పిట్స్‌బర్గ్ నుంచి

జవాబు: గుంతలో పడ్డాక అన్నారు కాబట్టి మొదట ముందు సీట్లో కుడివైపు కూర్చునేవాళ్ల కాళ్ల దగ్గర, పక్క ప్యానెల్ చూడండి. అక్కడ ఇనర్షియా స్విచ్ ఉంటుంది, గుద్దుకున్నప్పుడు పెట్రోలు పంపు ఆపేయడానికి పెట్టింది, గట్టి కుదుపుకి కూడా ఒక్కోసారి ఎగిరి కూర్చుంటుంది. పైన ఉన్న బటన్ నొక్కి, పెట్రోలు వాసన ఎక్కడా లేదని చూసుకుని స్టార్ట్ చేయండి. స్టార్ట్ అయితే ఖర్చు సున్నా.

అవ్వకపోతే మాడ్యూల్ చూడాల్సిందే, 2004 నుంచి 2008 దాకా వచ్చిన ఈ ట్రక్కులకి అది పేరుమోసిన జబ్బు. ఇక్కడా స్పేర్ టైరు పైనే. పెట్టె వీపు అల్యూమినియం, అది నేరుగా ఇనప ఛాసిస్‌కి ఆనుకుని ఉంటుంది, మధ్యలో ఉప్పు నీళ్లు. రెండు వేరు లోహాల మధ్య ఉప్పు నీళ్లు పోస్తే బ్యాటరీ అయినట్టే, అల్యూమినియం తెల్లగా పొడి అయిపోయి చిల్లు పడుతుంది, లోపలికి నీళ్లు పోతాయి. తర్వాత వచ్చిన మాడ్యూళ్లకి ఛాసిస్‌కి తగలకుండా ఎడం పెట్టే కాళ్లు ఉన్నాయి, అలాంటిదే కొనండి. ప్రోగ్రామింగ్ దీనికి అక్కర్లేదు, రెండు బోల్టులు, ఒక కప్లర్, అంతే. ప్రోగ్రామింగ్ చార్జీ బిల్లులో కనిపిస్తే ఎందుకో అడగండి.

ప్రశ్న: గురువుగారూ, మా అబ్బాయి బీఎస్6 బైకు పొద్దున్నే స్టార్ట్ అవ్వట్లేదు. మెకానిక్ ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) పోయింది, ఏడెనిమిది వేలవుతుంది అంటున్నాడు. వాడు ఎప్పుడూ వంద రూపాయల పెట్రోలే కొట్టిస్తాడు, మొన్న బండి మీంచి పడ్డాడు కూడా, దెబ్బలేం తగల్లేదు.
— గుంటూరు నుంచి

జవాబు: అబ్బాయి క్షేమంగా ఉన్నాడు, అది చాలు. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక చాలా పెట్రోలు బైకుల్లో కార్బురేటర్లు పోయి ట్యాంకులో చిన్న పంపు వచ్చింది. కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్) ఇంజిన్ నడిచే వైపు ఉంచి తాళం తిప్పి, ట్యాంకుకి చెవి ఆనించండి. రెండు మూడు సెకన్లు "జూ" అని సన్నగా వినిపించి ఆగాలి. వినిపిస్తే పంపు తిరుగుతోంది. వినిపించకపోతే ఫ్యూజు, రిలే, కిల్ స్విచ్ ఈ వరసలో చూడమనండి. పడ్డాడన్నారు కదా, బండి పక్కకు ఒరిగితే పెట్రోలు ఆపే సెన్సర్ చాలా బైకుల్లో ఉంటుంది. నిటారుగా నిలబెట్టి తాళం పూర్తిగా ఆపి మళ్లీ వేస్తేగానీ అది వదలదు, దాని కప్లర్ ఊడి ఉన్నా అదే గొడవ.

వంద రూపాయల పెట్రోలు మాత్రం మానిపించండి. ఆ పంపుని చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే, ఎప్పుడూ అడుగంటిన ట్యాంకుతో తిరిగితే వేడెక్కి త్వరగా పోతుంది, అడుగున ఉన్న చెత్తా అదే పీలుస్తుంది. ఈసీఎం అన్నిటికంటే చివర. అదే మోడల్ బైకు ఇంకొకటి తెచ్చి దాని రిలే మార్చి చూడటానికి ఐదు నిమిషాలు పడుతుంది, మెకానిక్ దానికి కూడా ఒప్పుకోకపోతే ఇంకో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో 500 రూపాయలకి దొరికే బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ (కారుకి తగిలించి ఫోన్‌లో కోడ్‌లు చదివే పరికరం) కొనుక్కోవచ్చా?
— హైదరాబాద్ నుంచి

జవాబు: కొనుక్కోండి, 2013 తర్వాత వచ్చిన కార్లయితే ఇంజిన్ కోడ్‌లు చదువుతుంది, కూలెంట్ వేడి, బ్యాటరీ వోల్టేజీ చూపిస్తుంది, ఆ డబ్బుకి అది చాలా ఎక్కువ. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగు లాంటి వేరే మాడ్యూళ్లతో మాట్లాడమంటే చాలావరకు నోరెళ్లబెడుతుంది, ప్రోగ్రామింగ్ అసలు చెయ్యదు. రాత్రి బండికి తగిలించి వదిలెయ్యకండి, కొన్ని అడాప్టర్లు నిద్రపోకుండా బ్యాటరీని తాగేస్తూనే ఉంటాయి.